గీతలు పడనిదా, పగలనిదా

"గట్టిది" అనే మాటకు అర్థం ఏమిటో నాకు ఈ రోజుకీ సరిగ్గా తెలియదు. తెలంగాణ కోసం సమ్మెలు, బంద్‌లు నడిచిన ఆ ఏడాది, మా అక్క ఫోను తెర కోసం ఆ మాటను నేను అడగని మనిషి లేడు. ఒకరు గాజు గట్టిదన్నారు. ఒకరు ప్లాస్టిక్ గట్టిదన్నారు. మా బావ అయితే రెండూ కాదు, ఫోను సంచిలోంచి బయటికి తీయకపోతే అన్నీ గట్టివే అన్నాడు. నాకు అసలే ముక్కు మీద కోపం. నలుగురు నాలుగు రకాలుగా చెబితే తల తిరిగిపోయి, ఎవరో ఒకరి మీద అరిచి ఇంటికొస్తాను. ఆ ఏడాదంతా అట్లా అరుస్తూనే తిరిగాను.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. ఆమెకు చిన్నప్పుడే వినికిడి పోయింది. మాట్లాడుతుంది గానీ గొంతులో హెచ్చుతగ్గులు ఉండవు, అంతా ఒకే ఎత్తులో వస్తుంది. కొత్తవాళ్ళు ఆమె కోపంగా ఉందనుకుంటారు. నిజానికి కోపం నాది, ఓపిక ఆమెది. ఎదుటి మనిషి పెదాలు చూసి సగం అర్థం చేసుకుంటుంది, మిగతా సగం అడిగి తెలుసుకుంటుంది. తెలుగు చక్కగా చదువుతుంది, రాస్తుంది. ఆమెను మొగుళ్లపల్లిలో ఇచ్చాం. బావ భూపాలపల్లి బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. అక్క ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మేము అవ్వా అని పిలిచే మా అమ్మ, జనగామలో నా దగ్గర ఉండేది. నేను మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ఒక ఆఫీసులో గుమస్తాను. పొద్దున ప్యాసింజర్ బండి ఎక్కడం, సాయంత్రం దిగడం, ఆ రెంటి మధ్య ఎంత టైం మిగిలితే అంత ఉద్యోగం.

వినపడని మనిషికి ఇంట్లోవాళ్ళు వార్త మొత్తం చెప్పరు. గుజ్జంతా వాళ్ళు తిని టెంక ఆమె చేతిలో పెడతారు. అక్క అత్తగారింట్లో టీవీ ముందు గంటసేపు వాదించుకునేవాళ్ళు. ఢిల్లీలో ఎవరు ఏమన్నారు, రేపు ఏం మూస్తారు, ఎవరు మాట మార్చారు, అన్నీ. అక్క కుట్టు ఆపి, "ఏమైందట?" అని అడిగితే, "ఏం లేదు, బందట" అనేవాళ్ళు. అంత వాదనకూ ఆమె వంతు ఆ ఒక్క ముక్కే.

ఒకసారి ఆ ముక్క కూడా చెప్పడం మరిచిపోయారు. అక్క కుట్టిన జాకెట్లు మూటగట్టుకుని పరకాల ఆటో కోసం పెద్ద రోడ్డు దాకా వెళ్ళింది. అక్కడ రాస్తారోకో. టైర్లు మండుతున్నాయి, జనం ఇటు నుంచి అటు ఉరుకుతున్నారు. ఆమె వెనక నుంచి పోలీసు బండి హారన్ కొట్టుకుంటూ వస్తోంది. ఆమెకు పొగ కనిపించింది గానీ బండి వస్తున్నట్టు తెలియలేదు. పక్క తండా నుంచి వచ్చిన ఒకామె చేయి పట్టి గుంజి పక్కకు పడేసింది. పడేసి, తన భాషలో బాగా తిట్టింది. తిడుతూ తిడుతూ, ఈమెకు ఏమీ వినపడటం లేదని గుర్తుపట్టి, తన కొంగుతోనే అక్క ముఖం తుడిచింది. ఈ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది, అదీ అక్క చెబితేనే. బావకు అప్పటికీ తెలియదు.

తెలిసిన వెంటనే తెలుగు అక్షరాలు వచ్చే ఫోను ఒకటి కొని పంపాను. బటన్ల ఫోనే, తెర అరచేతిలో సగం కూడా ఉండదు. అయినా అది వచ్చాక మా అక్క మనిషే మారింది. బంద్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ రైలు నడుస్తోంది, మా ఉద్యోగుల దీక్షా శిబిరంలో ఎవరు పాట పాడి ఏడ్చారు, మా ఆఫీసరు దీక్షలో కూర్చుని దొంగచాటుగా పల్లీలు ఎట్లా తిన్నాడు, అన్నీ రాసేదాన్ని. ఎంత రాసినా ఆమె నుంచి ఒకటే జవాబు వచ్చేది: "ఇంకేంది?" రైల్లో నిలబడి ఆ మాట చదివి నవ్వుకునేదాన్ని. అత్తగారింట్లో ఇప్పుడు ఆమే అందరికీ ముందు చెబుతోంది. "మానుకోటల పట్టాల మీద వంటలు వండుతున్నరట, ఎర్కనా?" అని అక్క అంటే, వాళ్ళ అత్త నోరు తెరుచుకుని చూసిందట.

కానీ ఆ తెర నిలవలేదు. అక్క ఫోను ఎక్కడ పడితే అక్కడ పెట్టుకోలేదు. మోగితే ఆమెకు తెలియదు, వణికితేనే తెలుస్తుంది. అందుకని నడుముకు కట్టుకునే గుడ్డ సంచిలోనే, ఒంటికి ఆనేటట్టు ఉంచుకునేది. ఆ సంచిలోనే తాళంచెవులు, బాబిన్లు, గుండుసూదులు, చిన్న కత్తెర. రోజంతా మిషన్ తొక్కుతుంటే అవన్నీ ఆ తెరను రాస్తూ ఉండేవి. మొదట్లో సన్నటి గీతలు. తర్వాత గీతల మీద గీతలు. నేను చూసి, "ఫోనును వేరే సంచిలో పెట్టుకో రాదే" అని కోప్పడితే, "రెండు సంచులు కట్టుకుంటె నడుమా, దుకాణమా?" అంది.

అట్లా ఉండగా పెద్ద సమ్మె మొదలైంది. సరిగ్గా ఆ ముందు రోజు అక్క లైనింగ్ గుడ్డా దారాలూ కొనడానికి జనగామ వచ్చింది. తెల్లారేసరికి బస్సులు లేవు. ఇక మా ఇంట్లోనే ఉండిపోయింది. గనులు కూడా సమ్మెలోనే ఉన్నాయి కాబట్టి బావ కూడా ఖాళీయే, "అక్కడ్నే ఉండనియ్యిండ్రి" అని కబురు చేశాడు. గనులు ఆగాక కరెంటు కూడా ఇష్టమొచ్చినట్టు పోవడం మొదలైంది. అమ్మ అటక మీది నుంచి లాంతరు దింపింది.

అమ్మ బచ్చన్నపేట దిక్కు పుట్టి పెరిగిన మనిషి. లాంతరు గాజు బుడ్డి తుడవడం ఆమెకు ఒక పూజ. పొయ్యి బూడిద జల్లెడ పట్టి, మెత్తటి పొడి మాత్రం తీసి, పాత చీర ముక్కతో లోపలా బయటా తిప్పి తిప్పి తుడుస్తుంది. అయిపోయాక బుడ్డి ఉందా లేదా అన్నంత తేటగా ఉంటుంది. ఆ సాయంత్రం నేను శిబిరం నుంచి వచ్చేసరికి గడప దగ్గర కూర్చుని తుడిచేసింది. పక్కనే అక్క ఫోను ఉంది. అక్క తలస్నానానికి వెళ్ళింది. అమ్మ ఫోను ఎత్తి నాకు చూపించి, "గింత మసకవట్టింది, పాపం ఎట్ల చదువుతున్నదో. జెర కడిగిన" అంది. ముఖంలో ఎంత సంతోషమో.

చూస్తే ఏముంది, తెర మొత్తం తెల్లటి పొర. అదే బూడిద, అదే గుడ్డ, అదే చెయ్యి. లాంతరు బుడ్డి తళతళలాడుతోంది, ఫోను తెర పాలల్లో ముంచినట్టు ఉంది.

అక్క వచ్చి ఫోను తీసుకుంది. అటు వంచింది, ఇటు వంచింది. కొంగు నెత్తి మీద కప్పుకుని లోపల చీకటి చేసుకుని చూసింది. బయటికి వచ్చి, "కనవడుతలేదు" అంది.

"కనవడుతనే ఉంది గద బిడ్డా," అంది అమ్మ, "జెర వంచి చూడు."

"ఏం తుడిచినవే అవ్వా, బూడిదతోనా?" అని నేను అరిచాను.

"ఏండ్ల సంది గిదే బూడిదతోని తుడుస్తున్న. బుడ్డికి ఏమన్న అయిందా? గది అద్దమే, గిది అద్దమే."

నాకూ అది అద్దమనే తెలుసు. అద్దం మీద బూడిదతో గీతలు ఎందుకు పడ్డాయి? లాంతరు బుడ్డి మీద ఎందుకు పడలేదు? నా అయోమయం ఆ గడప దగ్గరే మొదలైంది.

ఫోను డబ్బా మీద ఒక నంబరు ఉంటే దానికి చేశాను. చాలాసేపు సంగీతం వినిపించి, ఒక అమ్మాయి వచ్చింది. "గీ తెర మీదున్నది గాజా, ప్లాస్టికా, జెర ఎర్క జెయ్యుండ్రి" అని అడిగాను. "సారీ మేడమ్, మీరు చెప్పేది అర్థం కావట్లేదండి" అంది. ఇంకోసారి అడిగాను. "కొంచెం తెలుగులో చెప్తారా మేడమ్?" అంది. నేను మాట్లాడింది ఏ భాష అనుకుందో ఏమో! సినిమాల్లో మా మాట విని నవ్వింది చాలక, ఫోనులో కూడానా అని మండిపోయింది. పళ్ళు బిగబట్టి పుస్తకం చదివినట్టు చెప్పాను. అప్పుడు ఆమె, "అది మంచి క్వాలిటీ స్క్రీన్ అండి" అంది. గాజా ప్లాస్టికా అంటే మంచి క్వాలిటీ అట. పెట్టేశాను.

రైలు నడిచిన రోజు చూసుకుని ఆ ఫోనును మానుకోట తీసుకెళ్ళాను. మా శిబిరానికి ఎదురుగా ఒక గడియారాలు, కళ్ళద్దాల దుకాణం ఉంది. ఇద్దరు అన్నదమ్ములు నడుపుతారు. కొత్తగా ఫోన్ల మరమ్మతు కూడా పెట్టారు. బంద్ రోజుల్లో షట్టరు సగం దింపి లోపల పని చేసుకునేవాళ్ళు. నేను వంగి లోపలికి వెళ్ళి ఫోను చూపించగానే చిన్నాయన నవ్వాడు. "బూడిదనా అక్కా? గిది ప్లాస్టిక్. బూడిద వెడితె చర్మం లేచిపోయినట్టయితది."

"మరి గాజుది వెయ్యండి."

"వేస్తె మంచిగుంటది," అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండా. "గాజు మీద బూడిద గాదు, తాళంచెవి గీసినా గీత వడది. నలభై ఏండ్లు మా బాపు గాజు కళ్ళద్దాలే అమ్మిండు."

"గాజు నక్కో భాయ్!" అన్నాడు చిన్నాయన. నా వైపు తిరిగి, "గాజు వద్దక్కా. కింద వడ్తె ముక్కలే. గిప్పుడు కళ్ళద్దాలు గూడ అందరు ప్లాస్టిక్‌వే అడుగుతున్నరు. గట్టిగుంటయి."

"గట్టిగుంటె గీతలెందుకు వడ్తయిరా?" అన్నాడు అన్న.

"గట్టిగుంటె పగులుడెందుకు?" అన్నాడు తమ్ముడు.

తర్వాత ఇద్దరూ ఉర్దూలో పడ్డారు. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. చివరికి పెద్దాయనే చెప్పాడు, ఈ ఫోనుకు గాజు అమరదు, కొత్త ప్లాస్టిక్ ముక్కే వేయాలని. వేసి, పైన గీతలు పడకుండా ఒక పల్చటి కాగితంలాంటిది అంటించాడు. వెళ్ళేముందు నేను ఊరుకోక, "గాజు మీద అసలు ఏదీ గీత పెట్టదా?" అని అడిగాను.

"ఇసుక వెడ్తది."

"తాళంచెవి పెట్టదు గానీ ఇసుక పెడుతుందా? ఇనుము కన్నా ఇసుక గట్టిదా?"

"అవునక్కా," అన్నాడు. అంత మామూలుగా అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఇసుకను పిల్లలు పిడికిట్లో పట్టుకుంటారు, ఊదితే పోతుంది. ఇనుప తాళంచెవి కన్నా అది గట్టిదట. శిబిరంలోకి వెళ్ళి ఈ సంగతి చెబితే, అక్కడ తెలంగాణ ఎప్పుడొస్తుందన్న వాదన ఆగిపోయి గాజు ప్లాస్టిక్ వాదన మొదలైంది. ఒకాయన లేచి తన ఫోను మీద తన ఉంగరంతో గీసి చూపించాడు. గీత పడింది. ఆయన ముఖం చూడాలి.

అంటించిన ఆ కాగితం నెల తిరగకుండానే లేచింది. నడుము దగ్గరి చెమటకు అంచులు ఊడి, మధ్యలో బుడగలు వచ్చాయి. అప్పటికి సమ్మె ముగిసి, అక్క మొగుళ్లపల్లి వెళ్ళిపోయింది. ఒక రోజు ఆమె నుంచి వచ్చిన మెసేజ్ చదివి నేను రైల్లో కూలబడ్డాను. "రెండు ముక్కలే రాయి. కండ్లు గుంజుతున్నయి" అని ఉంది. ఇంకేంది, ఇంకేంది అని నా ప్రాణం తీసే మనిషి, రెండు ముక్కలు చాలంది. నాకు ఏడుపొచ్చింది. పక్కామె ఎవరు పోయారని అడిగింది. ఏం చెప్పను, ఫోను తెర పోయిందని చెప్పనా?

తర్వాతి ఆదివారం మొగుళ్లపల్లి వెళ్ళాను. అక్క మిషన్ మీద వంగి, కొంగు నెత్తి మీదుగా కప్పుకుని లోపల ఏదో చదువుతోంది. వాళ్ళ అత్త నాతో, "గట్ల కొంగు గప్పుకుంటది, ఏడుస్తున్నదో చదువుతున్నదో సమజ్ గాదు" అంది. మళ్ళీ పాత రోజులే వచ్చాయి. టీవీలో పొద్దంతా ఏదో నడుస్తోంది, అక్క అడిగితే, "ఏం లేదు, మీటింగులు" అంటున్నారు. ఇంతకు ముందు వాళ్ళకు వార్తలు చెప్పిన మనిషి మళ్ళీ వాళ్ళ నోళ్ళ వైపు చూస్తోంది.

బావతో కొత్త ఫోను మాట ఎత్తాను. "గాజుది కొందామా, ప్లాస్టిక్‌దా?" అన్నాను.

"ఏదైన ఒక్కటే మరదలా," అన్నాడు బావ. "మా డంపర్ ముందర అద్దం ఎంత మందముంటదో ఎర్కనా? గనిల దుమ్ము మీద వైపర్ ఉత్తగ తిప్పితె, పొద్దుగూకేసరికి అద్దమంత గీతలే. గాజుకు గీతలు వడయని ఎవడు చెప్పిండు?"

"తాళంచెవితో పడవట."

"తాళంచెవితోని అద్దం ఎవడు తుడుస్తడు?" అన్నాడు. "నా కండ్లకు పెట్టుకునేటివి ప్లాస్టిక్‌వి. రాయి తగిలినా పగులయి. గీతలున్నయి, అయితే ఏంది? కనవడుతనే ఉంది గద." అక్క ఫోను తీసుకుని వెలుగుకు పెట్టి చూశాడు. "గిది గూడ కనవడుతనే ఉంది. మీ అక్కకు అన్ని సోకులే."

అక్క ఆయన పెదాలే చూస్తోంది. చూపు దించి మిషన్ తొక్కింది. నాకు మాత్రం బావను డంపర్ కింద పడేయాలన్నంత కోపం వచ్చింది. కానీ ఆయన చెప్పిన దాంట్లో తప్పెక్కడుందో చెప్పలేకపోయాను. ఇసుక దుమ్ము గాజును గీస్తుంది, ఇక్కడంతా ఇసుకే, దుమ్మే. అటువంటప్పుడు గాజు కొని ఏం లాభం? ప్లాస్టిక్ కొంటే గుండుసూదులు ఉండనే ఉన్నాయి. గీతలు పడనిది పగులుతుంది, పగలనిదానికి గీతలు పడతాయి. దేవుడు రెండు గుణాలూ ఒకే దాంట్లో ఎందుకు పెట్టలేదో ఆ మానుకోట అన్నదమ్ములకైనా తెలుసో లేదో.

ఎండాకాలంలో అక్కను జనగామ రమ్మని, అమ్మనూ వెంటబెట్టుకుని ముగ్గురం మానుకోట బండి ఎక్కాం. అప్పటికి వేలితో ముట్టుకుంటే నడిచే ఫోన్లు వస్తున్నాయి. తెర పెద్దది, తెలుగు అక్షరాలు పెద్దవిగా చేసుకోవచ్చు. అన్నదమ్ములు దుకాణంలో అవి కూడా పెట్టారు. ఊళ్ళో ఆ రోజు కూడా ఊరేగింపు ఉంది. జై తెలంగాణ అంటూ పోతున్న మందిని దాటుకుని షట్టరు కింద నుంచి లోపలికి వెళ్ళాం. రైలు దిగినప్పటి నుంచి అమ్మది ఒకటే పాట, "పగులనిది కావాలె, పగులనిది చూపియ్యిండ్రి."

పెద్దాయన రెండు ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. "ఒకటి గాజు, ఒకటి ప్లాస్టిక్" అన్నాడు. ఏది ఏదో నాకు తెలియలేదు. అక్క ఒకటి తీసి చెంపకు ఆనించుకుంది. పెట్టేసి రెండోది తీసి ఆనించుకుంది. "గిది గాజు. సల్లగున్నది," అంది. అదే గాజు.

పెద్దాయన సంతోషించి, తాళంచెవి తీసి ఆ గాజు తెర మీద బర్రున గీశాడు. మా అమ్మ "అయ్యో" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. వేలితో తుడిస్తే గీత లేదు, గాటు లేదు. గుండుసూదితో గీశాడు. అదీ పడలేదు. అప్పుడు చిన్నాయన ప్లాస్టిక్ ఫోను తీసుకుని, నడుము ఎత్తు నుంచి బండల మీద వదిలేశాడు. అది ఎగిరి, దొర్లి, ఆగింది. తీసి చూపించాడు. ఏమీ కాలేదు.

"గిప్పుడు నీది వదులు భాయ్," అన్నాడు అన్నతో.

పెద్దాయన వదల్లేదు. గాజు ఫోనును మెల్లగా బల్ల మీద పెట్టి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"అయిపాయె," అంది అమ్మ. "ఆయినె ఇడుస్తలేడు. ఇగ మనమెట్ల ఇడుస్తం? ప్లాస్టిక్‌దే ఇయ్యి."

"ఒక్క మాట చెప్పండి," అని ఇద్దరినీ అడిగాను, ఇక ఓపిక లేక. "రెంటిలో ఏది గట్టిది?"

"గాజు," అన్నాడు అన్న. "ప్లాస్టిక్," అన్నాడు తమ్ముడు. ఇద్దరూ ఒకేసారి అన్నారు, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. నాకు అక్కడే కూర్చోవాలనిపించింది. సరే, అమ్మ చెప్పినట్టు ప్లాస్టిక్‌దే కొందాం, పగలకుండా అయినా ఉంటుంది, మసకబారినప్పుడు చూసుకుందాం అనుకున్నాను.

"గాజుది," అంది అక్క.

"పగులుతది బిడ్డా," అని అమ్మ ఆమె ముందుకు వచ్చి నిలబడి, పెదాలు కనపడేటట్టు చెప్పింది. "నడుముల పెట్టుకొని వంగుతవ్, లేస్తవ్. ఒక్కపాలి జారితె అయిపోతది."

"పగిలితె అందరికి కనవడుతది గద అవ్వా," అంది అక్క. "పగిలిందని నేను చెప్పే పని లేదు. మసకవడ్తె నాకొక్కదానికే ఎర్క. కనవడుతలేదంటె, కనవడుతనే ఉంది గద అంటరు. నువ్వు గట్లనే అన్నవ్, ఆయన గట్లనే అన్నడు."

అమ్మ ఏదో అనబోయింది. అక్క ఆగలేదు. ఆమె గొంతు తెలుసు కదా, ఎత్తూ పల్లమూ ఉండదు. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ గొంతుతోనే, దుకాణంలో అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"నా చెవులు గూడ గట్లనే పోయినయి అవ్వా. ఒక్కదినంల పోలేదు. దినానికి కొంత, దినానికి కొంత పోయినయి. ఇనవడుతలేదంటె నాటకాలన్నవ్. పిలిస్తె పలుకుతలేనని కొట్టినవ్. ఇనవడుతనే ఉంది, కావాలని చేస్తున్నదని బాపుతోని చెప్పినవ్. ఎండకాలమంత గట్లనే అయింది. ఒక్కపాలె పోతె, గా దినమే దవాఖానకు ఉరికిస్తుంటిరి గద."

అక్కకు జ్వరం వచ్చి చెవులు పోయాయని మా ఇంట్లో చెబుతారు. నేనప్పటికి పుట్టలేదు. అదే నిజమనుకుంటూ పెరిగాను, అందరికీ అదే చెప్పాను. బయట ఊరేగింపు దుకాణం ముందుకు వచ్చింది, ఆ కేకల్లో షట్టరు అదురుతోంది. చిన్నాయన ప్లాస్టిక్ ఫోనును మెల్లగా తీసి డబ్బాలో పెట్టేశాడు. అమ్మ వైపు చూడాలంటే నాకు భయమేసింది. చూశాను. ఆమె కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

"గాజుదే ఇయ్యి కొడుకా," అంది అమ్మ.

పెద్దాయన మొహమాటంగా, "ఇస్త అవ్వా. గని కింద వడి పగిలితె మాత్రం నా జిమ్మేదారి గాదు" అన్నాడు.

"పగులనియ్యి," అంది అమ్మ. "పగిలితె నాకు గూడ కనవడుతది. నా బిడ్డ ఇనవడుతలేదని చెప్తె నేనే ఇనలే. చెవులు దానియి పోయినయనుకున్న. పోయినయి నాయి."

ఆ మాటలు అన్నప్పుడు అక్క అటు తిరిగి ఉంది. కొత్త ఫోను వెలిగించి, తెలుగు అక్షరాలు ఎంత పెద్దగా వస్తాయో చూసుకుంటోంది. నా ముఖం చూసి ఏదో జరిగిందని గుర్తుపట్టి, "ఏమన్నది?" అని అడిగింది.

గాజుదే ఇమ్మంది అని ఒక ముక్కలో తేల్చేయొచ్చు. కానీ అక్క భుజం పట్టుకుని నా వైపు తిప్పుకుని, అమ్మ ఏమేమన్నదో ఒక్క మాట కూడా వదలకుండా మొత్తం చెప్పాను.